గోడకు గునపం వేసేముందు

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ పెద్దలు ఇంకొక్క ముక్క కలిపి ఉంటే బాగుండేది, "కట్టి ఉన్న ఇంటికి ఒక గోడ తీసి చూడు" అని! కొత్త ఇల్లు కట్టేవాళ్లకి దారినపోయే ప్రతివాళ్లూ సలహాలు చెబుతారు. ఉన్న ఇంట్లో వీధి గదిని కొట్టుగా మార్చుకుందాం, మేడ మీద ఒక గది వేసుకుందాం అనుకునే నాలాంటి వాళ్లకి మాత్రం "ఏముందండీ, మీ ఇల్లే కదా!" అంటారు. ఆ ఒక్క మాట నమ్మి మేం పడ్డ పాట్లు మీతో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను. నేను చదివింది ఇంటర్మీడియట్. రాతలో తప్పులుంటే సర్దుకుపోండి.

మాది రామచంద్రపురం. మూడు సెంట్ల పైచిలుకు స్థలం, గజాల్లో చెప్పాలంటే 160. మా మామగారు తన సొంత సంపాదనతో కొన్న పెంకుటిల్లు. 1996 నవంబరు 6 నాటి తుఫాను మా వైపు వాళ్లెవరూ మర్చిపోలేరు. కొబ్బరిచెట్లు విరుచుకుపడిన ఆ రాత్రి ఈ ఇంటి పెంకు కూడా లేచిపోయిందట. అప్పటికి నేనింకా ఈ ఇంటి కోడల్ని కాలేదు. ఆ మరుసటి ఏడు మామగారు పెంకు తీయించి శ్లాబు వేయించారు. పనిలో పనిగా వెనకాల ఒక గది కలిపారు. ప్లాను, పర్మిషను అన్న మాట అప్పుడు ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నెత్తి మీద నీడ కావాలి, అంతే.

మావారు ఒక బట్టల కొట్టులో లెక్కలు రాస్తారు. 2020లో కరోనా వచ్చి కొట్లు మూతపడ్డప్పుడు జీతం సగమైంది. ఆ సగం మళ్లీ పూర్తి కాలేదు. అమ్మాయి ఇంజనీరింగు, అబ్బాయి పాలిటెక్నిక్. నాకు చేతనైంది వంట. ఆ రోజుల్లో బయటి తిండికి జనం భయపడి, తెలిసినవాళ్లు నా చేత సున్నుండలు, జంతికలు, మాగాయ చేయించుకునేవారు. అటు తాపేశ్వరం కాజా, ఇటు ఆత్రేయపురం పూతరేకులు, మధ్యలో నేను సున్నుండలు అమ్ముతానంటే నవ్వరూ అనుకున్నాను. నవ్వలేదు సరిగదా, డబ్బాలు తెచ్చి ఇచ్చి మరీ అడిగారు. అప్పుడు పుట్టింది ఆలోచన. వీధి గది గోడ తీసేసి షట్టరు పెడితే అదే కొట్టు. పోయిన గదికి బదులు మేడ మీద ఒక గది. మేడకి తూర్పు సందులోంచి మెట్లు.

నా చీటీ పాడి లక్షా యాభై వేలు తెచ్చాను. మేస్త్రీని పిలిచాం. అతను గోడ మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, "దీనికి ప్లానెందుకండమ్మగారూ! సొంత గోడేగా. నాలుగు రోజుల్లో తీసిపారేత్తాను. ఎవరు చూడొచ్చారండీ?" అన్నాడు. మాకూ ఆ మాటే చెవికింపుగా ఉంది. షట్టరుకి అడ్వాన్సు ఇచ్చేశాం. 2021 జూలైలో మంచిరోజు చూసి పని మొదలెట్టాం.

ఎవరు చూస్తారని అడిగాడు కదా, చూసింది మా పక్కింటి పిన్నిగారు.

పిన్నిగారంటే బంధువు కాదు. ఇరవై ఏళ్లుగా ప్రహరీ మీదుగా కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న మనిషి. మా అమ్మాయికి మొదటిసారి నలుగు పెట్టిన చెయ్యి ఆవిడది. ఆవిడ వంటింటి కిటికీ మా తూర్పు సందులోకే తెరుచుకుంటుంది. మెట్లకోసం సందులో గొయ్యి తవ్వుతుంటే ఆ కిటికీలోంచి చూసి, "ఏమిటమ్మా ఇది?" అని అడిగింది. "మేడ మెట్లు, పిన్నిగారూ" అన్నాను, ఏదో పని తొందరలో. ఆవిడ ఇంకేం అనలేదు. ఆ రోజునుంచి కిటికీ తలుపు మూసే ఉంది. గిన్నె కూడా రాలేదు.

వారం తిరక్కుండా మా ఇంటికి నోటీసు వచ్చింది. అనుమతి లేకుండా కట్టడం మొదలుపెట్టారు కాబట్టి పని ఆపండి, కాగితాలు చూపించండి అని. అప్పటికి వీధి గోడ సగం పడిపోయి ఉంది. ఆషాఢమాసం వానలు. టార్పాలిను కట్టుకుని, రాత్రిళ్లు వంతులవారీగా మెలకువగా ఉండి, వీధిలోకి తెరుచుకున్న ఇంట్లో పడుకున్నాం. పిన్నిగారే ఫిర్యాదు చేసిందని వీధంతా చెప్పుకున్నారు. నేనూ నమ్మాను. కడుపు మండిపోయింది. "నా ఇంటికి నేను గోడ తీసుకోవడానికి ఒకరి పర్మిషనేమిటి? పుట్టింట్లో సినిమాకి వెళ్లాలన్నా పర్మిషను, అత్తింట్లో పుట్టింటికి వెళ్లాలన్నా పర్మిషను. ఇప్పుడు గోడకి కూడానా!" అని ఏడ్చేశాను. మా అత్తయ్యగారు మాత్రం పడిన గోడ వైపే చూస్తూ కూర్చున్నారు.

మా వార్డు సచివాలయం నాలుగడుగుల దూరం. ఆ సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలైంది మా దగ్గర్లో ఉన్న కరపలోనే. నోటీసు పట్టుకుని వెళ్లాను. ప్లానింగు చూసే అమ్మాయి మా అమ్మాయి కంటే నాలుగేళ్లు పెద్దదేమో. నన్ను కూర్చోబెట్టి, "ఆంటీ, ఇది జరిమానా కాదు. ఆగమని చెప్పడమే. లైసెన్సు ఉన్న ఇంజనీరు చేత ప్లాను గీయించి ఆన్‌లైన్‌లో పెట్టించండి" అంది. తిట్టడానికి తయారై వెళ్లినదాన్ని మంచినీళ్లు తాగి వచ్చాను.

సర్వేయరుగారు టేపు పట్టుకుని వచ్చారు. ఆయన మొట్టమొదట చూసింది మేము తవ్విన మెట్లు కాదు, పడగొట్టిన గోడ. పైకి చూసి, "ఇంకా రెండడుగులు తీసి ఉంటే ఏమయ్యేదో తెలుసా అమ్మా?" అన్నారు. మా ఇంటికి పిల్లర్లు లేవు. 1997లో శ్లాబు వేసింది పాత ఇటుక గోడల మీదే. అంటే శ్లాబు బరువంతా ఆ గోడలే మోస్తున్నాయి. గది మధ్యలో వేసిన అడ్డుగోడ తీస్తే వేరు, బరువు మోసే గోడ తీస్తే వేరు. షట్టరు పెట్టాలంటే ముందు రెండు వైపులా పిల్లర్లు లేపి, పైన బీము వేసి, శ్లాబుని దాని మీదకి ఎక్కించాక గోడ తీయాలట. మేస్త్రీ తట్టి చూసిన గోడ కిందే ఆ వారమంతా మా అబ్బాయి మంచం వేసుకుని పడుకున్నాడు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. పని ఆపమని వచ్చిన నోటీసు మీద కోపం ఆ పూటతోనే పోయింది.

తర్వాత ఆయన సందు కొలిచారు. మూడున్నర అడుగులు. మన రాష్ట్రంలో 2017లో వచ్చిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం మా పాటి స్థలంలో ముందువైపు మీటరున్నర, మిగతా మూడు వైపులా మీటరు ఖాళీ వదలాలని చెప్పారు. స్థలం పెరిగినా, ఇంటి ఎత్తు పెరిగినా ఈ లెక్క పెరుగుతుంది. మీటరంటే మూడు అడుగుల మూడు అంగుళాలు. అంటే మా సందులో మెట్లకి మిగిలేది మూడే అంగుళాలు! "పాత ఇల్లు ఎలా ఉన్నా, కొత్తగా వేసేది ఇప్పటి రూలు ప్రకారమే ఉండాలి. ఆ ఖాళీ మీ ఒక్కరిదే కాదమ్మా. గాలి, వెలుతురు, నిప్పంటుకుంటే నీళ్లు తెచ్చే మనిషి, అందరూ అందులోంచే రావాలి" అన్నారు.

నేను సందులో నిలబడి పిన్నిగారి కిటికీ వైపు చూశాను. మా మెట్లు కట్టి ఉంటే సరిగ్గా ఆ కిటికీకి అడ్డంగా వచ్చేవి.

వీధి వైపు కూడా ఒక తప్పు బయటపడింది. మా అరుగు దిగే మెట్టు మురుగుకాలువ మీదకి వచ్చేసి ఉంది. అది మునిసిపాలిటీ స్థలం. ఎప్పుడో ఎవరో కట్టారు, మేం రోజూ దాని మీద కాలుపెట్టి దిగుతున్నాం. "ముందు మీరే తీసేయండి" అన్నారు. తీసేశాం.

వెనకాల మామగారు కలిపిన గది సంగతి కూడా వచ్చింది. అనుమతి లేకుండా కట్టిన వాటిని రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకాలు 2007 చివర్లో ఒకసారి, 2015లో ఒకసారి, 2019లో ఒకసారి వచ్చాయి. అందరూ బి.పి.ఎస్. అంటారే, అదే. పేపర్లో చదివాం, పక్కన పెట్టేశాం. మనకెందుకులే అనుకున్నాం. అదృష్టం కొద్దీ ఆ గది చుట్టూ వదలాల్సినంత ఖాళీ ఉంది. కాబట్టి దాన్ని కూడా ప్లానులో చూపించి, అదనపు రుసుము కట్టి, ఒప్పు చేసుకోగలిగాం. ఖాళీ లేకుండా కట్టి ఉంటే డబ్బు కట్టినా ఒప్పయ్యేది కాదు.

ఇంక వీధి గదిని కొట్టుగా మార్చడం. ఊరికి మాస్టర్ ప్లాను అని ఒక పటం ఉంటుంది. అందులో ఇళ్లుండే చోటు పసుపు రంగు, వ్యాపారం చేసే చోటు నీలం రంగు. మా వీధి పసుపు. నా గుండె జారిపోయింది. అయితే పసుపులో కూడా వీధివాళ్ల అవసరాలకి చిన్న కొట్లు పెట్టుకోవచ్చు, రోడ్డు వెడల్పు సరిపోవాలి, చుట్టుపక్కల వాళ్లకి పొగ, చప్పుడు లాంటి బాధ ఉండకూడదు అన్నారు సర్వేయరుగారు. పిండిమర పెడతానంటే ఒప్పుకునేవారు కాదేమో! ప్లానులో ఆ ఒక్క గదినే వ్యాపారానికని చూపించి, మిగతాదంతా నివాసంగానే ఉంచారు. ఇది చాలా ముఖ్యం. ఇంటి పన్ను నివాసానికి ఒక రేటు, వ్యాపారానికి అంతకన్నా ఎక్కువ రేటు. ఇదివరకు అద్దె విలువ మీద లెక్కగట్టేవారు, 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి విలువ మీద వేస్తున్నారు. గది వేరు చేసి చూపించకపోతే ఎంతవరకు కొట్టో, ఎంతవరకు ఇల్లో తేలక తంటా. కరెంటుదీ అంతే. ఇంటికి కేటగిరీ ఒకటి, కొట్టుకి కేటగిరీ రెండు. ఇంటి మీటరు మీదే కొట్టు నడపకూడదు. కొట్టుకి వేరే మీటరు పెట్టించుకున్నాం.

ఇంతదాకా కొలతల సంగతి. అసలు ముడి ఇక్కడ కాదు, కాగితాల దగ్గర పడింది.

"ఇంటి దస్తావేజు ఎవరి పేరున ఉంది?" అని అడిగారు సర్వేయరుగారు. మామగారి పేరునే ఉంది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. పన్ను రసీదు కూడా ఆయన పేరునే వస్తోంది, మేము కడుతున్నాం. ప్లాను పెట్టాలంటే యజమాని సంతకం కావాలి. వీలునామా రాయలేదు. వీలునామా రాయకుండా పోయిన మనిషి స్వార్జితం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి సమానంగా వస్తుందట. అంటే మా ఇల్లు అత్తయ్యగారిది ఒక వంతు, మావారిది ఒక వంతు, మా వదినగారిది ఒక వంతు. పిత్రార్జితంలో కూడా ఆడపిల్లకి సమాన హక్కు మన రాష్ట్రంలో రామారావుగారి ప్రభుత్వంలో, 1986 చట్టంతోనే వచ్చింది. 2005లో దేశమంతటికీ వచ్చింది. ఇవన్నీ నేను పేపర్లో చదివినవే. మా ఇంటికి కూడా వర్తిస్తాయని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

వదినగారు మావారి అక్కయ్య. అమలాపురంలో ఉంటారు. మావారు తేలిగ్గా అనేశారు, "అక్క ఏమంటుంది? హక్కు విడుదల కాగితం రాయించి తీసుకెళ్దాం. సంతకం పెట్టేస్తుంది. ఒక మంచి చీర పట్టుకెళ్దాం."

చీర అనేసరికి నాకు చెయ్యి ఆగిపోయింది. నిజం చెబుతున్నాను, అప్పుడు పప్పు రుబ్బుతున్నాను.

మా పుట్టింట్లో 2009లో ఒక సంతకం పెట్టాను. అన్నయ్య కాగితం తెచ్చాడు, వదిన పట్టుచీర, పసుపు కుంకుమ పెట్టింది. "బ్యాంకు లోనుకి కావాలట, ఇక్కడ పెట్టమ్మా" అన్నాడు. చదవకుండా పెట్టాను. ఇంటర్మీడియట్ చదివిన దాన్ని, ఒక కాగితం చదువుకోలేనా? చదివితే అన్నయ్య ఏమనుకుంటాడో అని చదవలేదు. అది దేనికి పెట్టిన సంతకమో రెండేళ్ల తర్వాత తెలిసింది. అడిగితే ఇచ్చేసేదాన్నేమో. అడగకుండా తీసుకున్నారే అన్నదే ఇప్పటికీ గుచ్చుతుంది. ఆ చీర ఒక్కసారి కట్టుకుని మళ్లీ కట్టలేదు.

సర్వేయరుగారిని ఫోనులో అడిగాను, "అందరూ కలిసి సంతకం పెడితే చాలదాండీ? ఒకరి వాటా ఒకరు వదులుకోవాలా?" అని. ఆయన నవ్వి, "వదులుకోనక్కర్లేదమ్మా. ముగ్గురూ యజమానులే కాబట్టి ముగ్గురి పేర్లతో దరఖాస్తు పెట్టొచ్చు. తహసీల్దారు ఆఫీసులో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకోండి, చాలు" అన్నారు. ఆ మాట మావారికి చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "రేపు పిల్లల టైముకి గొడవ కాదూ?" అన్నారు. "ఇప్పుడు చెప్పకుండా రాయించుకుంటే అప్పుడు గొడవ కాదా?" అన్నాను. అత్తయ్యగారు వింటున్నారు. ఆవిడ ఎప్పుడూ మా మధ్యకి రారు. ఆ రోజు మాత్రం, "అమ్మాయిని అడగండిరా. దాని తండ్రి ఇల్లే" అన్నారు. అంతే.

అమలాపురం నేనే వెళ్లాను. కాజాలు లేవు, చీర లేదు. గీసిన ప్లాను కాగితం పట్టుకెళ్లి, టేబులు మీద పరిచి చూపించాను. ఇది కొట్టు, ఇది మెట్లు, ఇది మీ నాన్నగారు కట్టించిన గది అని. ఇంట్లో మీ వాటా ఒక వంతు, ఇందులో మీకు ఇష్టమైతేనే అని కూడా చెప్పాను. వదినగారు ఆ కాగితం మీద వేలు పెట్టి, "ఈ గది గుమ్మానికి నేనే పసుపు రాశాను, నాన్న శ్లాబు వేసినప్పుడు" అన్నారు. కాసేపాగి, "నా వాటా ఇవ్వమని నేనెప్పుడూ అడగలేదు. కానీ నాకు లేదని మీరెవరూ అనుకోకూడదు" అన్నారు. సంతకం పెట్టే ముందు దరఖాస్తు అంతా చదివారు, ప్రతి పేజీ. నేను ఎదురుగా కూర్చుని చూస్తున్నాను. నేను చదవని కాగితం ఆవిడ చదువుతున్నట్టు అనిపించింది. కొట్టు మీద ఆదాయం వచ్చాక ఏటా సంక్రాంతికి ఆవిడ వంతుగా కొంత అద్దె ఇవ్వాలని మేం ముగ్గురం అనుకున్నాం. ఆవిడ వద్దన్నారు, అత్తయ్యగారు కావాలన్నారు. ఇస్తున్నాం.

ఇంక మిగిలింది పిన్నిగారు. మా చెల్లెలి తోడికోడలు లండన్‌లో ఉంటుంది. వాళ్లు వంటిల్లు పెంచుకుందామని అనుమతికి పెడితే, అక్కడి కౌన్సిలు వాళ్లే చుట్టుపక్కల ఇళ్లకి తెలియజేశారట. అభ్యంతరం ఉంటే చెప్పడానికి 21 రోజుల గడువు. మన దగ్గర అలా ఉత్తరం రాదు. ప్రహరీ దాటి మనమే వెళ్లి అడగాలి. మా ఇంటికీ ఆవిడ ఇంటికీ మధ్య ఉన్నది పది అడుగులు. ఆ పది అడుగులు వేయడానికి నాకు రెండు నెలలు పట్టింది.

కొత్త ప్లాను చూపించాను. మెట్లు సందులో కాదు, వెనక వరండాలోంచి అన్నాను. ఆవిడ కాగితం వైపు చూడలేదు. "నా కళ్లకి శుక్లాలమ్మా. ఒక కన్ను ఆపరేషనైంది, రెండోది కావాలి. ఆ కిటికీ దగ్గర కూర్చునే కూర తరుగుతాను. అది మూసుకుపోతే నాకు పగలే లైటు కావాలి. ముందు నాతో ఒక్క మాట అంటే నేనేమైనా కాదనేదాన్నా?" అంది. ఫిర్యాదు చేసింది ఆవిడేనా అని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. చేసి ఉంటే మాత్రం మా అబ్బాయి మీద గోడ పడకుండా కాపాడింది ఆవిడే.

ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాక ఒకసారి కాగితం తక్కువైందని వెనక్కి వచ్చింది. పాత లింకు దస్తావేజు స్కాను సరిగ్గా రాలేదు. మళ్లీ పెట్టాం. వచ్చి స్థలం చూసుకున్నారు, ఫీజులు కట్టాం. అనుమతి చేతికొచ్చేసరికి 2022 వచ్చింది. మూడేళ్లలోపు పని పూర్తి చేయాలని అందులో ఉంది. మూడు నెలల్లో పూర్తి చేశాం, చీటీ వడ్డీ మూడేళ్లు ఆగదు కదా! దరఖాస్తు పెట్టినప్పుడు మాది తూర్పుగోదావరి జిల్లా. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లాలోకి వెళ్లాం. "బోర్డు మీద ఏ జిల్లా రాయమంటారండీ?" అని అడిగాడు పెయింటరు. "ఊరి పేరు రాయి నాయనా, అది మారదు" అన్నాను. ఆ ఏప్రిల్ 10న శ్రీరామనవమి రోజు కొట్టు తెరిచాం.

అంతా లాభమే అని చెప్పను. మెట్లు లోపలికి వచ్చాక వెనక వరండా పోయింది. గాలికి కూర్చుని పప్పు ఏరుకునే చోటు అదొక్కటే నాకు. పిల్లర్లు, బీము ఖర్చు చీటీని మింగేసి, గాజులు కూడా తాకట్టుకి వెళ్లాయి. అవి విడిపించడానికి పద్నాలుగు నెలలు పట్టింది. కొట్టు అనుకున్న దానికంటే చిన్నదైంది. ముందే అడిగి, ప్లాను గీయించి మొదలెట్టి ఉంటే సందులో తవ్విన గొయ్యి, షట్టరు కొలత మారి పోయిన అడ్వాన్సు, రెండు నెలల టార్పాలిను, ఇవన్నీ మిగిలేవి.

నాలాగా ఇంటికి మార్పులు తలపెట్టిన సోదరీమణులకి నాలుగు మాటలు.

సున్నం, ప్లాస్టరింగు, గచ్చు మార్చడం, పెంకు నేయించడం లాంటి మరమ్మతులకి ప్లాను అక్కర్లేదు. గది పెంచినా, మేడ వేసినా, బరువు మోసే గోడ తీసినా, ఇంటిని కొట్టుగా మార్చినా అనుమతి కావాలి.

మేస్త్రీ మాట మేస్త్రీదే. గోడ ముట్టుకునే ముందు ఇంజనీరుని పిలవండి. ఆయన ఫీజు పడిపోయే శ్లాబు కంటే చవక.

దస్తావేజు ఎవరి పేరున ఉందో ఈ ఆదివారమే బీరువా తీసి చూడండి. ఇంటి పెద్ద పోయి ఉంటే వారసులందరి పేర్లూ కాగితం మీద రాసుకోండి, ఆడపిల్లలతో సహా.

తినుబండారాల కొట్టయితే మునిసిపాలిటీ వ్యాపార లైసెన్సుతో పాటు ఆహార భద్రత రిజిస్ట్రేషను కూడా తీసుకోవాలి. మేం 2022లో తీసుకున్నప్పుడు ఏడాది వ్యాపారం 12 లక్షలు దాటని వాళ్లకి ఏడాదికి 100 రూపాయలే ఫీజు.

అన్నిటికన్నా ముందు పక్కింటికి వెళ్లి చెప్పండి. అనుమతి కాగితం వచ్చినా ఆ మనిషితో రోజూ మొహాలు చూసుకోవాల్సింది మనమే.

వ్యాపార లైసెన్సు నా పేరున వచ్చింది. మార్కుల లిస్టు, రేషను కార్డు తప్ప నా పేరు ఉన్న సర్కారు కాగితం అదే. కొట్లో గోడకి తగిలించాను. జీవితమంతా పర్మిషన్లు అడుగుతూనే ఉన్నానని ఏడ్చినదాన్ని, ఇప్పుడు ఒక సంగతి తెలిసింది. మనల్ని అణచడానికి అడిగించే పర్మిషను వేరు, పక్కవాడి గాలీ వెలుతురూ పోకుండా మనం అడిగే పర్మిషను వేరు. రెండోది అడిగితే మన గౌరవం తగ్గదు.

మొన్న కొట్లో ఇద్దరు గిరాకీలతో మాట్లాడుతూ పొయ్యి మీద పోపు సంగతి మర్చిపోయాను. తూర్పు సందులోంచి పిన్నిగారి కేక, "ఏమ్మోయ్, ఇంగువ మాడుతోంది!" పరుగెత్తి దించాను.

కిటికీ తెరిచి ఉంది కాబట్టి సరిపోయింది.